జేజి చూస్తుండగా

మా తమ్ముడి కూతురు సనా నన్ను అసీర్ కొండలకు తీసుకెళ్తానన్నప్పుడు మోకాళ్ళ నొప్పులు చెప్పి తప్పించుకుందామనుకున్నాను. మక్కాలో ఉమ్రా చేసుకుని వచ్చి, రియాద్‌లో తమ్ముడింట్లో దిగి, పొద్దస్తమానం కాళ్ళకు నూనె రాసుకుంటూ కూర్చున్నదాన్ని. సనా అక్కడే ఒక ఆసుపత్రి ఆఫీసులో పనిచేస్తుంది. పొద్దున మెట్రో ఎక్కి పోతుంది, సాయంత్రం వచ్చి బూట్లు మార్చుకుని మళ్ళీ బయటికి పోతుంది, పరిగెత్తడానికి. బస్సు వెళ్ళిపోతుంటే పరిగెత్తాలి, కుక్క తరిమితే పరిగెత్తాలి, ఉత్తపుణ్యానికి పరిగెత్తడమేమిటే అని అడిగాను, ఏమీ ఎరగనట్టు.

"ఈసారి రోడ్డు మీద కాదత్తా, ట్రెయిల్. రెండు కొండల మధ్య గార్జ్, కింద నీళ్ళు పారుతుంటాయి. ఆ నీళ్ళ పక్కనే రాళ్ళలో రన్నింగ్. లేడీస్ చాలామంది వస్తారు. నువ్వు ఊరికే కూర్చుని చూడు చాలు, వెదర్ సూపర్ ఉంటుంది," అంది. ఏ వాదీ అని అడిగాను. పేరు చెప్పింది. నూనె గిన్నె కింద పెట్టేశాను. వాదీ అంటే ఇక్కడ కొండల మధ్య ఏరు పారే దారి. వానొస్తే ఏరు, లేకపోతే రాళ్ళ బాట. ఈ దేశంలో అట్లాంటివి ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు, కానీ సనా చెప్పిన వాదీలో మాత్రం సంవత్సరమంతా పిల్లకాలువంత నీళ్ళు పారుతూనే ఉంటాయి. ఆ సంగతి నాకు తెలుసు, ఎందుకంటే నేను పెరిగింది అక్కడే.

మేము చేరేసరికి వాదీ మొదట్లో గుడారాలు, మైకు, పాటలు, అరటిపండ్ల పెట్టెలు. గుండెల మీద నంబర్లు అంటించుకుని ఆడపిల్లలు కాళ్ళు చాపుకుంటూ, ముడుచుకుంటూ ఉన్నారు. కొందరు తలకు గుడ్డ కట్టుకున్నారు, కొందరు టోపీ పెట్టుకున్నారు. దారి తప్పకుండా పొదలకు రిబ్బన్లు కట్టారట. ఆ వాదీలో దారి తప్పడమెట్లాగో నాకిప్పటికీ అర్థం కాదు. రెండు పక్కలా కొండ, మధ్యలో నీళ్ళు, పోతే పైకి, వస్తే కిందికి. అంతకుమించి దారేముంది? పైకొండల మీద మబ్బు కమ్మితే పోటీ ఆపేస్తామని మైకులో పదే పదే చెప్పారు. ఆ మాటకు మాత్రం, మంచి బుద్ధి వచ్చింది మీకు, అనుకున్నాను. సనాను సాగనంపి, గుడారంలో కూర్చోబెట్టిన చోట కూర్చోకుండా నీళ్ళ ఒడ్డుకు నడిచాను. ముందు వాసన వచ్చింది. తడిరాయి, ఒడ్డున తనంతట మొలిచే పుదీనా, మేకల పెంట, మూడూ కలిసిన వాసన. ఏడుపొచ్చింది. ఎవరైనా చూస్తే ఈ పెద్దామె బిడ్డ ఓడిపోయిందేమో అనుకుంటారని కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

మా నాయన అక్కడ పంపు ఆపరేటరు. వాదీ నీళ్ళను కొండ మీది ఊరికి ఎక్కించే డీజిల్ పంపు ఒకటుండేది. ఆ పంపు రూమును ఆనుకుని మాకు రెండు గదుల ఇల్లు. పైన రేకులు. ఇప్పుడు అక్కడ గచ్చు, తుప్పు పట్టిన బోల్టులు మిగిలాయి. మేము దూదేకుల వాళ్ళం, పెన్న ఒడ్డున ప్రొద్దుటూరు దగ్గర మా ఊరు. నమాజు అరబ్బీలో, తక్కినదంతా తెలుగులో. నాయన, అమ్మ, నేను, ఉయ్యాలలో తమ్ముడు, వీళ్ళందరి మీదా అధికారం చేస్తూ మా జేజి, అంటే నాయన తల్లి. కొడుకు ఉమ్రా చేయిస్తానని పిలిపించుకుంటే వచ్చింది, వచ్చి వెనక్కి పోనంది. నాయన ఆమె వీసాను పొడిగించుకుంటూ పోయేవాడు. "అమ్మా, ఊర్లో నీ బర్రెను ఎవురు సూసుకుంటారు?" అని ఆయన అడిగితే, "బర్రెకు నీళ్ళు ల్యాక నేను సావల్నా? ఈడ నీళ్ళు పార్తాండాయి, నేనీడనే ఉంటా," అనేది. పెన్నలో నీళ్ళు చూడటం తన జీవితంలో అరుదుగా జరిగిన సంగతి. ఇక్కడ రోజూ నీళ్ళు చూడటమంటే ఆమెకు రోజూ పండగే. పొద్దున నమాజు కాగానే వచ్చి, పారే నీళ్ళలో రెండు పాదాలూ పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చునేది. అమ్మ టీ తెచ్చి ఇచ్చేదాకా లేచేది కాదు.

ఇంట్లో పొద్దున డీజిల్ వాసన, దాని మీద జొన్నసంగటి వాసన. రాగులు దొరికేవి కావు గానీ ఆ కొండల్లో జొన్న పండుతుంది. పైన మెట్ట చేలలో ఉండే ఉమ్ సాలెహ్ అనే ఆమె జొన్నలు తెచ్చి ఇచ్చేది. జేజి ఆమెతో తెలుగులో మాట్లాడేది, ఆమె జేజితో అరబ్బీలో మాట్లాడేది. ఇద్దరూ గంటలు గంటలు నవ్వుకునేవాళ్ళు. ఏం చెప్పిందత్తా అని అమ్మ అడిగితే, "ఆమె కోడలు కూడా నీ మాదిరే మాట ఇనదంట," అనేది జేజి. నాయన మూణ్ణెల్లకో నాలుగు నెలలకో జిద్దా పోయి, షరఫియా బజారులో కందిపప్పు, చింతపండు, జేజికి వక్కలు తెచ్చేవాడు. చెనక్కాయలు వేయించి, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ వేసి అమ్మ రోట్లో ఊరిబిండి నూరితే ఆ ఘాటుకు కొండ మీది కోతులు దిగి వచ్చేవి. మన కోతులు కావవి, కుక్కమూతి పెట్టుకుని, మెడకు జూలుతో, పెద్దమనుషుల్లా కూర్చునేవి. ఒకరోజు సంగటి ముద్దలు గంప గంపంతా ఎత్తుకుపోయాయి. జేజి కట్టె పట్టుకుని వాటి వెనక కొంతదూరం పోయి, నిలబడి అరిచింది. "తినండి, తినండి! ఊరిబిండి ల్యాకుండా గొంతులో ఎట్ల దిగుతాదో నేనూ సూస్తా!" సంతకు పోతే ఆ ప్రాంతం మగవాళ్ళు తలకు పూలదండలు చుట్టుకుని వచ్చేవాళ్ళు, మరువం, తులసి, మల్లె కలిపి కట్టిన దండలు. మొదటిసారి చూసినప్పుడు జేజి నడిబజారులో నిలబడిపోయింది. "మన కాడ మగోడు పూలు పెట్టుకున్నాడంటే పెండ్లికొడుకైనా కావాల, మతిపోయినోడైనా కావాల. ఈడ అందరూ పెండ్లికొడుకులే గదరా!"

నా పరుగు నాయన పని వల్ల మొదలైంది. పంపు నీళ్ళు పీల్చే చోటు ఇంటికి దూరంగా, వాదీ లోపల, కొండలు దగ్గరికొచ్చి ఇరుకయ్యే మలుపు దగ్గర ఉండేది. అక్కడ గొట్టం మూతికి ఒక ఇనుప జల్లెడ. మేడిచెట్ల ఆకులు కొట్టుకొచ్చి దానికి అతుక్కుంటే పంపు ఉత్త గాలి పీల్చి మూలుగుతుంది. అందుకని నాయన రోజూ పొద్దునే పోయి ఆకులు తీసి వచ్చేవాడు. నేను ఆయనతో పోయేదాన్ని, పోను పోను ఆయన కంటే ముందు పోయేదాన్ని, ఆ తర్వాత ఆయన పోవడం మానేసి నన్నే పంపేవాడు. రాయి మీద నుంచి రాయి మీదికి, నీళ్ళు అడ్డమొస్తే నీళ్ళలోకి, మళ్ళీ ఒడ్డుకు. ఏ రాయి కదులుతుందో, ఏ రాయి నున్నగా జారుతుందో నా పాదాలకు తెలుసు. ఆడపిల్ల ఊరికే పరిగెత్తితే తిడతారు, పని మీద పరిగెత్తితే మెచ్చుకుంటారు. జల్లెడలో ఆకులున్న రోజు ఒకసారి పోయేదాన్ని, లేని రోజు ఉన్నాయేమో చూద్దామని ఇంకోసారి పోయేదాన్ని. "ఈ పిల్లకు పంపు మీద ఎంత శ్రద్ధ!" అని నాయన మురిసిపోయేవాడు.

జేజికి మాత్రం తెలుసు. ఆమె రోజూ నాతోపాటు వాదీలోకి కొంతదూరం నడిచి వచ్చి, నీళ్ళ పక్కన ఒక చదునైన రాయి మీద కూర్చునేది. చేతిలో జపమాల. "ఈ దండ ఒకసారి తిరిగేలోపల నువ్వు జల్లెడ కాడికి పోయి రావల్ల," అనేది. నేను పరిగెత్తుకుంటూ తిరిగి వచ్చేసరికి ఆమె ఇంకా నాలుగు పూసలు మిగిల్చి కూర్చుని ఉండేది. నేను నెమ్మదిగా వచ్చిన రోజు కూడా ఆ పూసలు మిగిలే ఉండేవి. "దేవుని పేరు తొందరగా చదవకూడదు, పాపం తగులుతాది," అని ముఖం గంభీరంగా పెట్టేది. నేను రొప్పుతూ ఆమె ఒళ్ళో పడితే కొంగుతో నా మెడ తుడిచి, చీర చెరగులో మూటగట్టుకుని తెచ్చిన చెనక్కాయలు తీసి పెట్టేది. అంత సుఖంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

ఒకరోజు అన్నాలప్పుడు అమ్మ, నాయన మాట్లాడుకుంటుంటే విన్నాను. నా ముందరే మాట్లాడారు, దాచిపెట్టి మాట్లాడే ఇల్లు కాదు మాది. "పిల్ల ఎదుగుతాంది," అంది అమ్మ. "ఈడ బడి లేదు, తోటి పిల్లోళ్ళు లేరు. ఎన్నాళ్ళని నేను చెప్పే ఎక్కాలతో గడుస్తాది? పెద్దమనిషి అయిందంటే ఇంగ ఈ రాళ్ళల్లో తిప్పేకి కాదు. ఆ నెల్లోనే ఊరికి పంపిద్దాం. మా అన్న ఇంట్లో ఉండి సదువుకుంటాది." నాయన సంగటి ముద్దను గుంట చేసి పప్పు పోసుకుంటూ, "అట్లనే. అమ్మ ఎట్లా పోవాల్సిందే గదా, ఇద్దర్నీ ఒగేసారి విమానం ఎక్కిద్దాం," అన్నాడు. నేను తినడం ఆపేశాను. ఆ రోజు నుంచి నాకు ఒకటే భయం. పొద్దున లేవగానే ఇవాళ కాకూడదు దేవుడా అనుకునేదాన్ని. జల్లెడ దగ్గరికి పరిగెత్తేటప్పుడు, ఇదే ఆఖరుసారి కాకూడదు అనుకునేదాన్ని. అమ్మను అడిగే ధైర్యం లేదు, అడిగినా ఏమని అడగాలి? నేను ఊరికి పోను, నన్ను పరిగెత్తనివ్వండి అని అడిగే ఆడపిల్ల మా వంశంలో అప్పటిదాకా పుట్టలేదు.

ఆ రోజు రానే వచ్చింది. జల్లెడ దగ్గర ఆకులు తీస్తూ వంగినప్పుడు తెలిసింది. ఏడ్చుకుంటూ వచ్చి, రాయి మీద కూర్చున్న జేజి ముందు నిలబడ్డాను. ఆమె నా ముఖం చూసింది, నా పావడా చూసింది. మా వైపు అట్లాంటి కబురు వినగానే ఇల్లంతా సందడి. మూలన కూర్చోబెట్టి, నువ్వులుండలు, కొబ్బరి, బెల్లం తినిపించి, చుట్టుపక్కల ఆడవాళ్ళను పిలిచి పాటలు పాడించాలి. ఆ కబురు చెప్పే హక్కు పెద్ద ఆడమనిషిది. జేజి లేచింది. తన పైటకొంగు చింపి మడిచి ఇచ్చింది, ఎట్లా కట్టుకోవాలో చెప్పింది. నన్ను నీళ్ళలో దించి పావడా తానే ఉతికింది. "ఇంటికి పోయినాంక నీళ్ళల్లో జారి పడినా అని చెప్పు. ఇంగేం చెప్పొద్దు," అంది. "మరి అమ్మకు?" అన్నాను. "మీ అమ్మకు తమ్మునితోనే సరిపోతాంది. గమ్మునుండు." అంతే.

ఆ నెలా అట్లాగే గడిచింది, తర్వాతి నెలా అట్లాగే గడిచింది. జేజికి ఉన్నట్టుండి బట్టలుతికే పిచ్చి పట్టింది. "ఇంట్లో నీళ్ళు బకెట్లో కదలకుండా సచ్చిపోయి ఉంటాయి. పారే నీళ్ళల్లో ఉతికితే మురికి దాని దారిన అది పోతాది," అని అందరి బట్టలూ మూటగట్టుకుని వాదీకి వచ్చేది. అమ్మ సంతోషించింది. అత్త పనిలో చెయ్యి వేస్తోందని ఉమ్ సాలెహ్‌కు సైగలతో చెప్పుకుంది కూడా. జేజి ఎందుకట్లా చేస్తోందో నేను అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటుందేమోనని భయం. ఒక్కటి మాత్రం చేశాను, ముందెప్పుడూ పరిగెత్తనంతగా పరిగెత్తాను.

వాన వచ్చిన రోజు మా దగ్గర ఎండ కాస్తోంది. అదే ఆ కొండల తమాషా. వాన ఎక్కడో పైన కురుస్తుంది, మనకు చుక్క పడదు, వాదీలో మాత్రం ఏరు దిగుతుంది. దాన్ని అక్కడివాళ్ళు సైల్ అంటారు. ఆ మాట వినపడితే చేతిలో ఉన్నది చేతిలోనే పారేసి కొండెక్కుతారు. మాకు ఆ మాట తెలుసు, ఆ భయం తెలియదు. నేను జల్లెడ దాటి ఇంకా పైకి, ఇరుకులోకి పోయి ఉన్నాను. ఉన్నట్టుండి చల్లగాలి తగిలింది. గాలిలో తడిమట్టి వాసన. తలెత్తి చూస్తే కోతుల గుంపు గుంపంతా పిల్లల్ని వీపులకు తగిలించుకుని కొండ ఎక్కుతోంది. ఆ తర్వాత చప్పుడు. లారీలోంచి కంకర పోస్తే వచ్చే చప్పుడు, కానీ ఆగని చప్పుడు. వెనక్కి తిరిగి పరిగెత్తాను. పక్కనున్న మేకల దారి పట్టుకుని పైకి ఎక్కేస్తే నాకే ప్రమాదమూ లేదు. కానీ కింద జేజి ఉంది.

మలుపు తిరిగేసరికి నేను చూసిన దృశ్యం ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు. జేజి కూడా ఆ చప్పుడు విన్నది. విని పైకి ఎక్కలేదు, కిందికి దిగింది. మా పెన్నకు ఏళ్ళ తరబడి నీళ్ళు రావు. వచ్చినప్పుడు ఊరు ఊరంతా ఇసుకలోకి దిగి కొత్తనీళ్ళకు ఎదురుపోతుంది, హిందువులని లేదు, మేమని లేదు. ఆ నీళ్ళు నెమ్మదిగా, నురగతో, ఎండుగడ్డిని ముందు తోసుకుంటూ పసిపిల్ల పాకినట్టు వస్తాయి. మొదటి నీళ్ళను దోసిలితో తీసుకుని కళ్ళకద్దుకుంటారు. జేజికి ఏరు అంటే అదే. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, వాదీ నట్టనడుమ నిలబడి, రెండు చేతులూ దోసిలి పట్టి, ముఖమంతా నవ్వుతో నాకెదురుగా కేకేస్తోంది. "మాబున్నీ! కొత్తనీళ్ళే! కొత్తనీళ్ళు వస్తాండాయే!"

"జేజీ, ఎక్కు! పైకెక్కు!" అని అరిచాను. నా అరుపు ఆమెకు సంతోషమనిపించింది కాబోలు, ఇంకా నవ్వింది. జారే రాయి, కదిలే రాయి అని చూసుకోకుండా దూకాను. పాదం కోసుకుపోయింది, తెలియలేదు. పోయి ఆమె నడుముకు చెయ్యేసి ఎత్తినట్టుగా లాక్కుని, మేకల దారి మీదికి తోశాను. "వదులే, నా జపమాల!" అంటోంది. జపమాల రాయి మీదే ఉండిపోయింది. మేకలు పడుకునే అరుగులాంటి చోటుకు ఎక్కి వెనక్కి తిరిగేసరికి కింద నీళ్ళు లేవు, ఎర్రటి బురద గోడ పోతోంది. చెట్టు మొద్దులు, ఒక ఇనుప పీపా, చచ్చిన మేక. జేజి కూర్చున్న రాయి కనపడలేదు. ఆమె ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. "ఇది మన ఏరు కాదే," అంది.

నీళ్ళు తగ్గేదాకా ఆ అరుగు మీదే కూర్చున్నాం, ఒకరినొకరు పట్టుకుని. ఏడ్చాను. ఏడుపు తగ్గాక, ఎందుకో అప్పుడే అడగాలనిపించింది. "జేజీ, అమ్మకు ఎందుకు చెప్పలేదు?" ఆమె నా పాదం నెత్తురు కొంగుతో అదిమి పట్టుకుని ఉంది. "చెప్పింటే నిన్ను మూల కూసోబెట్టి నువ్వులుండలు పెడుదురు. పాటలు పాడుదురు. ఆపైన విమానం ఎక్కిద్దురు. నువ్వు పరిగెత్తేది ఆడికే అయిపోవును." కొంగును ఇంకా గట్టిగా అదిమింది. "నేనూ పరిగెత్తేదాన్నే. మా నాయన గొర్రెల ఎంట. పెద్దమనిషైన పొద్దు మా యమ్మ నన్ను ఇంట్లోకి తోసి తలుపేసింది. మళ్ళ ఆ తలుపు తీసింది పెండ్లికి. బయటికొచ్చి సూసుకుంటే పరిగెత్తేదెట్లో మరిసిపోయింటి. కాళ్ళు ఉండాయి గానీ, మరిసిపోయింటి." ఆమె నవ్వింది. "నాకూ పోబుద్ధి కాలేదులే. నువ్వు పోతే నన్నూ ఎక్కిస్తారు గదా. ఈ నీళ్ళను ఇడిసిపెట్టి యాడికి పోదును? ఎట్లుండాయో సూడు ఈ పొద్దు, నన్ను మింగేకే వచ్చినాయి, అయినా బాగుండాయి."

నాయన, ఉమ్ సాలెహ్ భర్త తాడు పట్టుకుని కొండ అంచు వెంట వచ్చి మమ్మల్ని దింపారు. నాయన పెద్దగా ఏడ్చాడు, ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఇంట్లో అమ్మ మొదట నా వీపు మీద రెండు వేసి, తర్వాత నన్ను కరుచుకుని వదల్లేదు. "బిడ్డ పరిగెత్తబట్టి నువ్వు బతికినావమ్మా," అన్నాడు నాయన. ఆ మాట పట్టుకుంది జేజి. తడిబట్టలతోనే నట్టింట్లో నిలబడి, "అవునురా, పరిగెత్తబట్టే. ఇంగొక మాట కూడా ఇను. పిల్ల పెద్దమనిషై నెలలు గడిసినాయి. నేనే చెప్పలా," అంది.

నాయన లేచి బయటికి పోయాడు. అమ్మ కూర్చుండిపోయింది. నేను తిట్లకు సిద్ధపడ్డాను, కానీ అమ్మ తిట్టలేదు. "నేను కన్నతల్లిని గదత్తా," అంది. "నా బిడ్డకు నేను నువ్వులుండ చేసి పెట్టుకోవద్దా? తల దువ్వి పూలు పెట్టుకోవద్దా? బిడ్డకు కడుపు నొప్పొస్తే నాకు తెలియొద్దా? నేనేమన్నా పగదాన్నా?" జేజి తల దించుకుంది. ఆమె తల దించుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అన్నాళ్ళూ నేను నా పరుగు సంగతే అనుకున్నాను, అమ్మ పోగొట్టుకున్నదేమిటో నాకు తట్టనే లేదు. ఆ సాయంత్రం అమ్మ నువ్వులు వేయించింది. బెల్లం కొట్టి ఉండలు చుట్టి, నా నోట్లో ఒకటి, చాలాసేపు ఆలోచించి జేజి చేతిలో ఒకటి పెట్టింది. కానీ మాట మార్చుకోలేదు. బడి లేకుండా పిల్లను ఇట్లా ఉంచనంది. ఇప్పుడు చెప్తున్నాను, అమ్మ మాటే నిజం. ఊరికి పోయి చదివాను కాబట్టే టీచరునయ్యాను, ఇట్లా నాలుగు మాటలు రాయగలుగుతున్నాను. అప్పుడు మాత్రం అమ్మ మీద వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు.

టిక్కెట్లు తీసే రోజు నాయన జేజితో అన్నాడు. "అమ్మా, నువ్వుండు. వీసా ఇంకొన్నాళ్ళు పొడిగిస్తానన్నారు. పిల్లను జిద్దాలో ఉండే మనూరి షరీఫు కుటుంబంతో పంపిద్దాం, వాళ్ళూ ఆడికే పోతాండారు." నేను జేజి వైపు చూశాను. ఆమె నీళ్ళను ఎంత ప్రేమించిందో నాకంటే ఎవరికి తెలుసు? నా సంగతి దాచిపెట్టింది సగం ఆ నీళ్ళ కోసమేనని తానే చెప్పింది కదా. "నేనూ దాంతోనే పోతా," అంది జేజి. ఎందుకమ్మా అని నాయన రెండుసార్లు అడిగాడు. "పోతా అంటి గదా," అని మూట కట్టుకోవడానికి లోపలికి పోయింది.

ప్రొద్దుటూరులో మామ ఇంటికి చేరిన తర్వాత ఆలస్యంగానైనా వేడుక చేశారు. మూలన కూర్చోబెట్టారు, పాటలు పాడారు, బంధువులంతా వచ్చి పోయారు. ఆ మర్నాడు ఇంకా తెల్లవారకముందే జేజి నన్ను తట్టి లేపింది. చెప్పులు వద్దంది. ఇద్దరం వీధుల వెంట నడిచి పెన్నలోకి దిగాం. కనుచూపు మేరా ఇసుక. నీళ్ళ చుక్క లేదు. జేజి ఒడ్డున కూలబడి, "ఆ వంతెన దాకా పో," అంది. ఇసుకలో పరుగు రాళ్ళలో పరుగు లాంటిది కాదు, కాలు దిగబడుతుంది, ఊపిరి అందదు. తిరిగి వచ్చేసరికి మామ అక్కడ నిలబడి ఉన్నాడు, ముఖం ఎర్రగా చేసుకుని. "ఏందత్తా ఇది? పెద్దమనిషైన పిల్లను ఏట్లో పరిగెత్తిస్తాండావే! ఊరోళ్ళు సూస్తే ఏమనుకుంటారు?" జేజి కదల్లేదు. "ఊరోళ్ళు ఇంకా లెయ్యలేదు నాయనా. వాళ్ళు లేసేలోపల పిల్ల ఇంటికొస్తాది. నాకు మోకాళ్ళ నొప్పులు, ఇసకలో కూసుంటే బాగుంటాది, తోడుకు దీన్ని తెచ్చుకున్నా. నీకేమన్నా ఇబ్బందా?" మామ గొణుక్కుంటూ పోయాడు. మర్నాడు మళ్ళీ పోయాం. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

సనా పోటీ ముగించుకుని బురద కాళ్ళతో వచ్చి నా పక్కన కూలబడింది. మెడలో పతకం. దాన్ని నా మెడలో వేసి ఫోటో తీసింది. ఈ పిల్లకు పని అనే సాకు అవసరం లేదు, దాచిపెట్టే మనిషి అవసరం లేదు. మైకులో పేరు పెట్టి పిలుస్తారు, వందమంది చప్పట్లు కొడతారు. నాకు అసూయ లేదని అబద్ధం చెప్పను, ఉంది. దాని పక్కనే సంతోషం కూడా ఉంది. జరిగిందంతా చెప్పాను. నేను పరిగెత్తేదాన్నంటే నమ్మలేక నోరు తెరిచి విన్నది. "వావ్ అత్తా! మరి ఎందుకు మానేశావు? మ్యారేజ్ తర్వాత ఆపేశారా?"

ఎవరూ ఆపలేదు. కాలేజీకి పోయే రోజుల్లో కూడా పరిగెత్తాను. అప్పటికి జేజి కళ్ళు పోయాయి, పగటి వెలుగు తప్ప ఏమీ కనిపించేది కాదు. అయినా నా భుజం పట్టుకుని ఏటికి వచ్చి ఇసుకలో కూర్చునేది. ఒకరోజు బాధనిపించి అడిగాను. "జేజీ, నేను పరిగెత్తేది నీకు కనపడదు గదా. ఈ సలిలో ఎందుకు వస్తావు, ఇంట్లో పడుకోరాదా?" ఆమె నేను వెళ్ళాల్సిన వైపే ముఖం పెట్టి కూర్చుంది. "కనపడకపోతే ఏమి? నీ అడుగుల సప్పుడు ఇనపడతాంది. నువ్వు ఆగితే నాకు తెలిసిపోతాది," అంది.

ఇసుకలో పరిగెత్తితే చప్పుడు రాదు. ఆ సంగతి నాకు తెలుసు, పెన్న ఒడ్డున పుట్టి పెరిగిన ఆమెకు ఇంకా బాగా తెలుసు. ఆమె ఉన్నన్నాళ్ళూ నేను ఆగలేదు.